గోడలో కరెంటు

కూర్చున్న బెంచీ కూడా ఇనుపదేనని కాసేపటికి గానీ గమనించలేదు రజిత. గమనించగానే చేతులు రెండూ ఒళ్లోకి లాక్కుంది, లాక్కున్నందుకు తన మీద తనకే కోపం వచ్చి, మళ్లీ కావాలనే అరచేతిని ఆ ఇనుము మీద ఆనించి గట్టిగా అదిమింది. ఏమీ కాలేదు. ఎందుకవుతుంది, ఇది పెద్ద దవాఖాన, ఇక్కడి గోడలు పొడిగా ఉన్నాయి, ఇక్కడ ఇనుమును ముట్టుకుంటే ఇనుమే తగులుతుంది, చల్లగా, మొద్దుగా. మనిషి అడిగేది అంతే కదా, ఇనుము ఇనుములా ఉండాలని, గోడ గోడలా ఉండాలని. ఖాజాగూడలో తన కర్రీ పాయింట్ షట్టరు ముందు మూడు వానాకాలాలుగా ఊపిరి బిగపట్టి నిలబడిన మనిషికి ఆ చల్లదనం కూడా ఎవరో చేస్తున్న దయలా అనిపించింది, అలా అనిపించినందుకు ఇంకా మండింది. ఎదురుగా అద్దం తలుపు, దాని మీద ఎర్ర అక్షరాలు, ఆ తలుపు వెనక ఎక్కడో తిమ్మప్పన్న. పక్కన ఆయన భార్య చెన్నమ్మ, తడిసిన కొంగు తలమీద కప్పుకుని, ఎవరో పెట్టిన బొమ్మలా కదలకుండా ఉంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండును, ఏడిస్తే ఓదార్చే పని ఒకటి ఉంటుంది, చేతులకు ఏదో ఒక పని ఉంటుంది.

పొద్దున ఈ చేతులతోనే కొట్టింది ఆయనను. చెక్క స్టూలు ఎత్తి, కరెంటు పట్టుకున్న ఆ చేతి మీద, ఇంత మంచి మనిషి చేతి మీద, పామును కొట్టినట్టు కొట్టింది. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది, దుకాణాల ముందు మడమలు మునిగేటన్ని నీళ్లు, తను ఆటో దిగి తోటకూర కట్టలు, దొండకాయల సంచీ మెట్టు మీద పెట్టింది. పక్క దుకాణం తిమ్మప్పన్నది, ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, జాకెట్లు వదులు చేయడం ఆయన పని. అప్పటికే వచ్చి తన దుకాణం తెరుచుకుని మిషను తుడుచుకుంటున్నాడు. తనను చూసి రోజూ లేచినట్టే లేచాడు. నువ్వు జర దూరముండమ్మా, నేను లేపుత, అని రోజూ అనే మాటే అన్నాడు. పాత మంచం పట్టెకు కొక్కెం బిగించి పెట్టుకున్నాడు దానికోసం, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఆ కొక్కేన్ని షట్టరు పిడికి తగిలించి ఒక్క ఊపున పైకి తోస్తే చాలు, మనిషి ఇనుమును ముట్టుకోవలసిన పని లేదు. ఈరోజు నీళ్లలో కాలు జారింది. పడబోయేవాడు ఏదో ఒకటి పట్టుకుంటాడు కదా, ఆయన షట్టరును పట్టుకున్నాడు. అరవలేదు. అరుస్తారనే ఇన్నాళ్లూ అనుకుంది తను, కరెంటు పట్టుకుంటే మనిషి అరుస్తాడని. ఆయన నోరు కొంచెం తెరుచుకుని, ఏదో గుర్తొచ్చి చెప్పబోతున్న మనిషిలా అలాగే ఉండిపోయింది, షట్టరు మాత్రం గలగలా వణికింది. స్టూలు ఎక్కడ దొరికిందో, ఎలా ఎత్తిందో ఇప్పుడు గుర్తు లేదు. దెబ్బ చప్పుడు గుర్తుంది. ఎదురు మెడికల్ షాపాయన పరుగెత్తుకొచ్చి ఛాతీ మీద అదుముతుంటే, నీళ్లలో తేలుతున్న తోటకూర ఆకుల మధ్య తిమ్మప్పన్న తల అటూ ఇటూ ఊగడం గుర్తుంది.

ఫికర్ చెయ్యకు బిడ్డా, చేపిస్త.

ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో, చెవిలో ఈగలా తిరుగుతూనే ఉంది. ఓనరు వెంకటనారాయణ మాట. ఖాజాగూడ ఊరివాడే, తండ్రి జొన్నలు వేసిన చేను మీదుగా ఇప్పుడు రోడ్డు పోతోంది, మిగిలిన ముక్క మీద ఈ బిల్డింగు కట్టాడు. కిందంతా దుకాణాలు, మీద దేవిశ్రీ బ్యూటీ పార్లరు, ఆ మీద కంప్యూటర్ కోచింగ్. చెడ్డవాడిలా ఉంటే ఎంత బాగుండేది. గొంతు పెంచేవాడు, తిట్టేవాడు అయితే తనూ తిట్టేది, జనగామ బస్టాండులో పెరిగిన నోరు తనది, ఎవరికీ తీసిపోయేది కాదు. కానీ ఆయన మొదటి రోజే ఓనర్ అనకు బిడ్డా, కాకా అను అన్నాడు, దుకాణం తెరిచిన నాడు వచ్చి మొదటి ప్యాకెట్టు తనే కొన్నాడు, నీ చేతి పప్పుచారు మా అమ్మ చారు లెక్కుంది అన్నాడు. ఆ బిడ్డా అన్న మాటలో పడి ఎన్ని అడిగినా ఇసుకలో పోసిన నీళ్లే. మొదటి వానకు మెట్ల కింద గోడ చెమ్మగిల్లింది. పైన ట్యాంకు పైపు పగిలి ఆ నీళ్లు గోడ లోపల్నుంచే దిగుతున్నాయి, మీటర్లన్నీ అక్కడే, ఆ గోడకే, తన షట్టరు కూడా. కాకా, గోడకు నాచు పడుతోంది అంటే చేపిస్త. కాకా, షట్టరు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది అంటే చేపిస్త. కాకా, పార్లరుకొచ్చిన పిల్ల మెట్ల కడ్డీ పట్టుకుని కెవ్వుమంది, దేవిశ్రీ భయపడుతోంది అంటే, అయ్యో, చేపిస్త బిడ్డా, ఈ పండుగ పోనీ. ఒకసారి నిజంగానే వచ్చాడు. మీటర్ల ముందు నిలబడి గోడను కిందికీ మీదికీ చూశాడు. చూసినంతసేపూ చేతులు జేబుల్లోంచి తీయలేదు.

అది ఇప్పుడు గుర్తొస్తోంది. ఇప్పుడే ఎందుకు, అప్పుడే ఎందుకు తట్టలేదు? దానిమ్మ పండు కొనేటప్పుడు కూడా నాలుగు వైపులా నొక్కి చూసే మనిషి, తన సొంత గోడ మీద చెయ్యి వేయలేదు. తెలుసు ఆయనకు. చెమ్మ అని కాదు, నాచు అని కాదు, దాని లోపల ఏముందో తెలుసు. తెలిసే జేబుల్లో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా ఎర్ర రేకు బోర్డు ఒకటి తెచ్చి మేకు కొట్టించాడు, పుర్రె బొమ్మ, కింద డేంజర్. ఆ మేకు కొట్టడానికి వచ్చినవాడు కూడా చేతికి ప్లాస్టిక్ సంచీ చుట్టుకుని కొట్టాడు. తర్వాత ఎప్పుడడిగినా ఒకటే, బోర్డు పెట్టిచ్చిన కదా బిడ్డా, సదువుకున్నోళ్లు తిరిగే జాగ, ఎవ్వరు ముట్టరు. ఎవరూ ముట్టరంటే తన షట్టరు ఎవరు లేపాలి? దేవిశ్రీ మెట్లెక్కడం మానేయాలా? అదే బిల్డింగు ముందుభాగానికి మాత్రం నీలం అద్దాలు బిగించాడు, రాత్రయితే వెలిగే లైట్ల తీగలు వేయించాడు. ఫ్లైఓవర్ మీద నుంచి చూస్తే కంపెనీ ఆఫీసే అనుకుంటారు, దగ్గరికొస్తే తెలుస్తుంది వెనకంతా కుళ్లిన గోడ అని. ఆ అద్దాలకు మనుషులు దొరికారు, ఆ లైట్లకు వైర్లు దొరికాయి.

మీటరు దాకానే మాది, ఆపైన ఓనరుది అన్నారు కరెంటు ఆఫీసులో, అడగడానికి పోతే. ఓనరు దగ్గరికి పోతే చేపిస్త. మధ్యాహ్నం కూరలకొచ్చే ఐడీ కార్డుల పిల్లలు అయితే, ఆంటీ ఇది చాలా డేంజర్, మీరు కంప్లైంట్ పెట్టాలి అని ఇంగ్లీషులో ఏదో ఆఫీసు పేరు చెప్పి, ప్యాకెట్టు దారం ముడి వేలికి తగిలించుకుని పోయేవాళ్లు. వాళ్ల మీద కోపం లేదు. ఉంది. ఎందుకు లేదు, ఉంది. ఖాళీ చేసి పొమ్మన్నవాళ్ల మీద ఇంకా ఉంది. శేఖర్ కూడా అన్నాడు ఒకసారి, కారు కడుగుతూ, ఇంకో జాగ చూసుకుందాం అని. తన మొగుడు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు, రోజూ ఇన్ని బిల్డింగులు చూస్తాడు, అన్నిట్లోనూ ఖాళీ షట్టర్లే కనబడతాయి ఆయనకు. ఎక్కడికి పోవాలి? హాస్టళ్లున్న సందు అది, ఎవరికి కారం తక్కువ కావాలో, ఎవరు శనివారం నీసు ముట్టరో నోటికి వచ్చేదాకా ఎన్నాళ్లు పట్టిందని. దుకాణమంటే నాలుగు గోడలా, ఎత్తుకుని ఇంకోచోట దింపడానికి? గోడను పాడుపెట్టింది ఆయన, పోవలసింది తనా?

ఫోన్ మోగింది. శేఖరే. విమానం ప్యాసింజరును దింపి వస్తున్నానన్నాడు, తిమ్మప్పన్న ఎలా ఉన్నాడన్నాడు, ఆపైన గొంతు తగ్గించి, పోలీసులు అడిగితే చూసింది చూసినట్టు చెప్పు గానీ ఓనర్ పేరు నువ్వుగా తీయకు, మన సామానంతా ఆయన షట్టరు లోపలుంది అన్నాడు. ఫోను ఒళ్లో పడేసుకుంది. పొయ్యిలు, గుండిగలు, ఫ్రిజ్, నిన్న పులియబెట్టిన పిండి. నిజమే, అన్నీ ఆ షట్టరు లోపలే. తన బతుకు మీద ఆయన షట్టరు, దాంట్లో ఆయన కరెంటు.

అప్పుడు లిఫ్టు తెరుచుకుని వెంకటనారాయణే వచ్చాడు. తెల్ల లాల్చీ, చేతిలో కొబ్బరి బోండాల సంచీ. నేరుగా చెన్నమ్మ ముందుకు వెళ్లి, మోకాలి మీద వంగి కూర్చున్నాడు, అంత వయసు మనిషి, నేల మీద. బిల్లు సంగతి నువ్వు మరిచిపో చెల్లె, డాక్టరుతోటి మాట్లాడిన, తిమ్మప్ప నా తమ్ముని లెక్క అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. అబద్ధపు నీళ్లయితే తేలికగా ఉండేది, నిజమైన నీళ్లే అనిపించింది రజితకు, అదే భరించరానిదిగా ఉంది. ఒక బోండాం తీసి చెన్నమ్మ ఒళ్లో పెట్టాడు. పెట్టి, ఆ మెత్తని గొంతుతోనే మెల్లగా చెప్పుకొచ్చాడు. పోలీసులొస్తరు, ఊరికే రాసుకపోతరు, భయపడేది లేదు. ఇస్త్రీ పెట్టె ఖరాబుండె, తడి చేతులతోటి పట్టుకుండు, గంతే చెప్పు. మా సొంత తప్పని చెప్తే కేసుండది, దవాఖానంత నేను చూసుకుంట. గోడ, గీడ అని తెస్తే బిల్డింగుకు తాళమేస్తరు, అందరి పొట్టలు కొట్టినట్టయితది, రజిత పొట్ట సుత. అని తన వైపు చూశాడు. అవును కదా బిడ్డా, అన్నాడు.

నోట్లో మాట అక్కడిదాకా వచ్చి ఆగింది. భయంతో కాదు. ఇంత కోపం ఒక మనిషిలో పట్టగలదని తెలియక, ఏది ముందు అనాలో తోచక. ఇస్త్రీ పెట్టె. నీళ్లలో పడి ఉన్న మనిషి మీదికి నేరం నెట్టడానికి ఆయన దుకాణంలోంచే ఒక వస్తువు వెతికి పట్టుకున్నాడు, ఎంతసేపు పట్టిందో అది తట్టడానికి, దారిలో బోండాలు బేరమాడుతూ తట్టిందా? అప్పుడు మళ్లీ ఫోను. దేవిశ్రీ. ఆ పిల్లది భీమవరం, ఎవరితోనైనా అండీ అనే మాట్లాడుతుంది, ఇప్పుడు గొంతు గుసగుసలాడుతోంది. రజిత లేచి కిటికీ దగ్గరికి నడిచింది.

“అక్కా, ఇక్కడ మనుషులొచ్చారండి. మీటర్ల దగ్గర పాత వైర్లన్నీ లాగేస్తున్నారు. మేస్త్రీ కూడా ఉన్నాడు, గోడ పగలగొట్టి కొత్త పైపు వేసేసి సిమెంటు పూసేస్తున్నాడు. ఓనరుగారు పంపించారట.”

కిటికీ అవతల వానకు కడిగిన అద్దాల మేడలు, ఒకదాని అద్దంలో ఇంకొకటి, వాటి నడుమ బండలు, ఆ బండల మీద కూడా ఇప్పుడు క్రేన్లు. రజిత వాటిని చూస్తూనే ఉంది గానీ కళ్లకు ఆనలేదు. చేపిస్త. చేపిస్తున్నాడు. మూడు వానాకాలాలు దొరకని మేస్త్రీ ఈ పూట దొరికాడు. పండుగ పోనీ, కార్తీకం పోనీ, మా మనవరాలు పింకీ ఓణీల ఫంక్షన్ పోనీ అన్న పని, మనిషి కిందపడ్డాక గంటల్లో అయిపోతోంది. అయ్యే పనే అది. అంత చిన్న పని. ఒక పైపు ముక్క, నాలుగు వైర్లు, తట్టెడు సిమెంటు. ఇన్నాళ్లూ అదేదో కొండను కదిలించే పని కాబోలు, అందుకే ఆయన చేతకాక వాయిదా వేస్తున్నాడు కాబోలు అని తన మనసులో ఎక్కడో ఆయనకు సాకు చెబుతూ వచ్చిన మాట నిజం. ఒక్క పూట పని. తిమ్మప్పన్నను బతికించడానికి చేయని పని, తనను బతికించుకోవడానికి చేస్తున్నాడు. ఆపించు దేవిశ్రీ, అంది. నేనేం ఆపగలనండీ, నన్ను ఖాళీ చేయించేస్తారు అంది దేవిశ్రీ, ఫోను కట్ అయింది. తప్పు పట్టలేదు ఆ పిల్లను. అద్దం మీద తన ముఖం కనబడింది, పెదవి ఎప్పుడు కొరుక్కుందో, కొంచెం నెత్తురు.

వెనక బూట్ల చప్పుడు. ఏఎస్సై వచ్చాడు, వెంట ఒక కానిస్టేబులు. నడివయసు మనిషి, వాన కోటు మడిచి చంకలో పెట్టుకున్నాడు, చూడగానే వెంకటనారాయణ లేచి నమస్తే పెట్టాడు, ఇద్దరికీ ముఖ పరిచయం ఉన్నట్టే ఉంది. రజిత వచ్చేలోపే ఇస్త్రీ పెట్టె కథ సగం అయిపోయింది. పాపం ఎన్నిసార్లు చెప్పిన సార్, గా పెట్టె మార్చు తమ్మీ అని. ఏఎస్సై తల ఊపుతూ రాసుకుంటున్నాడు. అంతేనా అమ్మా అని చెన్నమ్మను అడిగాడు.

చెన్నమ్మ అంతసేపటి తర్వాత తల ఎత్తింది. ఒళ్లో బోండాన్ని రెండు చేతులతో తీసి కింద పెట్టింది, వెంకటనారాయణ కాళ్ల దగ్గర.

“మిషన్ కుట్టెటోనికి రబ్బరు చెప్పులెందుకు సార్?” అంది. “నెత్తి మీద ఎండ మాడంగ సుత రోజు గవే ఏస్కొని పోతుండె. ఎందుకయ్యా అంటే గోడల కరెంటున్నది, రజితమ్మ షట్టరు లేపాలె అంటుండె. ఇస్త్రీ పెట్టె మొన్న సంక్రాంతికి కొత్తది కొన్నం.”

ఏఎస్సై కలం ఆగింది. వెంకటనారాయణ ముఖంలో ఏమీ మారలేదు, ఆ దయ అలాగే ఉంది. ఆమెకు ఏం తెలుసు సార్, ఇంట్ల ఉండే మనిషి, పరేషాన్ల ఏదో అంటుంది, కావాలంటే మీరే పోయి చూడుర్రి, నా బిల్డింగుల వైరింగంత కొత్తది అన్నాడు. నిశ్చింతగా అన్నాడు.

రజితకు నవ్వు వచ్చింది. ఎక్కడిదో తెలియదు, గొంతులో చేదుగా తగిలి బయటికొచ్చింది. కాకా అనలేదు, సార్ అని కూడా అనలేదు, ఆయన వైపు చూడకుండానే చెప్పింది.

“కొత్తదే సార్. జల్ది పోయి చూడుర్రి. సిమెంటు ఇంకా పచ్చిగనే ఉంటది.”

ఇప్పుడు పనిజేస్తుండ్రా ఆడ, అని అడిగాడు ఏఎస్సై, ఆమెను కాదు, ఆయనను. అది ముందు నుంచి అనుకున్న పని సార్ అన్నాడు వెంకటనారాయణ, చెయ్యి జేబులోకి పోయింది, ఫోను బయటికొచ్చింది. ఏఎస్సై ఆ ఫోను కోసం అరచెయ్యి చాపాడు. ఆయన ఇచ్చేదాకా అలా చాచే ఉంచాడు. అప్పుడు రజిత చెప్పింది, అంతా, ఆగకుండా. పైపు, నాచు, మెట్ల కడ్డీ, పుర్రె బోర్డు, కర్ర కొక్కెం, ఆయన గోడను చూడవచ్చి చేతులు తీయకపోవడం. బిల్డింగుకు తాళం పడుతుందని తెలుసు. తన పొయ్యిలు, గుండిగలు లోపలే ఉండిపోతాయనీ, రేపటి నుంచి ఆ పిల్లలంతా ఇంకో సందుకు అలవాటు పడతారనీ, శేఖర్ ముఖం ఎలా పెడతాడో కూడా తెలుసు. తెలిసే చెప్పింది. నా పేరు రాసుకోండి అంది. అప్పుడు చూశాడు వెంకటనారాయణ తన వైపు, మూడేళ్లలో మొదటిసారి ఆ కళ్లలో బిడ్డా అన్న మాట లేదు. నిన్ను మంచిగ చూసుకున్న కదా, అన్నాడు. కానిస్టేబులు ఆయనను లిఫ్టు వైపు నడిపించాడు.

అప్పుడు దేవిశ్రీ ఫోను. ఈసారి గుసగుస లేదు, ఆయాసం ఉంది. పార్లరు కుర్చీ కిందికి దింపేశానండి, పీకిన వైర్ల కుప్ప మీదే వేసుకుని కూర్చున్నాను, తట్టలో ఎత్తుకుపోబోతే నన్ను కూడా ఎత్తుకుపొమ్మన్నాను, మీరు త్వరగా రండి అంది. వస్తున్నా, నువ్వు లేవకు అంది రజిత.

అద్దం తలుపు తెరుచుకుని నర్సు తిమ్మప్ప తాలూకు ఎవరని అడిగింది. చెన్నమ్మతో పాటు తనూ లేచి నిలబడింది. కళ్లు తెరిచాడు, గుండె కుదుటపడింది అంది నర్సు. కుడి చేతికే బాగా కాలింది, బొటనవేలు, దాని పక్క వేలు, ఆ రెండింటి సంగతి డాక్టర్లు రేపు చెబుతారు అంది. సూది పట్టే వేళ్లు. చెన్నమ్మ రజిత మణికట్టు పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసి, చెప్పులు తలుపు బయట విడిచి లోపలికి వెళ్లింది. బతికాడు. ఆ మాట ఒంట్లో చల్లగా దిగుతుందని ఎదురుచూసింది రజిత. దిగింది, కానీ దాని కింద కోపం కోపంగానే ఉంది, బతికినా రెండు వేళ్లు, ఆ రెండు వేళ్లే. ఏఎస్సై గొంతు సవరించుకుని, జాగ చూపించాలె, మీరు ఎనకంగ ఆటోల వస్తరా అమ్మా, జీపు ముందు పోతది అన్నాడు. వస్తానంది. లిఫ్టు కోసం ఆగలేదు, మెట్లు దిగింది, దిగుతుంటే మెట్ల కడ్డీ మీద చెయ్యి తనకు తెలియకుండానే పడింది, తీయలేదు.

బయట ఎండ పొడుచుకొస్తోంది, వాన తర్వాతి ఎండ, కళ్లలో గుచ్చుకునేటట్టు. ఇంకో గంటలో అన్నాలవేళ, పిల్లలు మెడల్లో కార్డులతో వచ్చి దించిన షట్టరు ముందు నిలబడతారు. ఎవరైనా ముట్టుకుంటారేమో. ఆ ఆలోచనకు కాళ్లలో పరుగు వచ్చింది. ఆటో ఆపి ఎక్కి కూర్చుంది. ఏడికమ్మా అన్నాడు డ్రైవరు.

“ఖాజాగూడ. జర జల్ది పోనియ్యన్నా, సిమెంటు ఆరకముందే పోవాలె.”